ఐదు వందల లోపు వంటింటి కాటా: అన్నానికి ఢోకా లేదు, నూనె దగ్గరే జాగ్రత్త

క్యాలరీలు లెక్కపెట్టుకుని తినాలనుకున్నవాళ్లు మొదట కొనే కాటా దాదాపుగా ఒకటే. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, పైన గుండ్రటి పళ్లెం, ముందువైపు వాలుగా చిన్న తెర, మూడు బటన్లు. ఎస్‌ఎఫ్-400 అనేది దాని మోడల్ నంబరు. ఇది ఏ ఒక్క కంపెనీదో కాదు. రకరకాల పేర్లతో, అట్టపెట్టె మీద రకరకాల బొమ్మలతో అదే అచ్చు దొరుకుతుంది. ధర చాలాచోట్ల ఐదు వందల రూపాయల లోపే. ఈ సమీక్ష దాని గురించి, దాన్ని మన వంటింట్లో వాడాల్సిన తీరు గురించి.

కొనొచ్చా అంటే కొనొచ్చు. అన్నం, పప్పు, కూరగాయలు, మాంసం, పండ్లు తూచడానికి ఇంతకుమించింది అక్కర్లేదు. దీని బలహీనత బయటపడేది పది గ్రాముల లోపు నూనె, నెయ్యి, పల్లీల దగ్గర. అది కూడా తూచే పద్ధతి మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. క్యాలరీల లెక్క తప్పడానికి కాటాలో ఉన్న ఒకటి రెండు గ్రాముల తేడా కంటే, పచ్చి బియ్యం లెక్కని ఉడికిన అన్నానికి వేయడం, తాలింపు నూనెని వదిలేయడం పెద్ద కారణాలు. ఆ పొరపాట్లను వేల రూపాయల కాటా కూడా ఆపలేదు.

పెట్టెలో ఏముంటుంది

కాటా, ఒక చిన్న కాగితం, చాలాసార్లు రెండు సెల్స్. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్సే దీనికీ సరిపోతాయి, ఇది మంచి విషయం. నాణెం ఆకారపు సెల్ అడిగే గాజు పలక కాటాలకు రాత్రి తొమ్మిదింటికి సెల్ అయిపోతే వీధి చివరి కొట్లో దొరక్కపోవచ్చు. పెట్టెలో వచ్చే సెల్స్ నాసిరకంవైతే నెలల తరబడి లోపలే వదిలేసినప్పుడు కారతాయి, స్ప్రింగులు తుప్పు పడతాయి. మొదటిరోజే మంచివి వేసుకోండి.

మూడు బటన్లలో ఒకటి ఆన్-ఆఫ్, ఒకటి కొలమానం మార్చేది, మూడోది టేర్, అంటే పైన ఉన్న బరువుని సున్నా చేసేది. రోజూ పని పడేది ఈ మూడోదానితోనే. కొలమానం బటన్ పొరపాటున తగిలితే తెర మీద గ్రాములు పోయి ఔన్సులు వస్తాయి. అంకె పక్కన ‘జి’ అక్షరం ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోవాలి. కొన్నింట్లో మిల్లీలీటర్లు కూడా చూపిస్తుంది. దాన్ని నమ్మకండి. కాటాకి తెలిసింది బరువు ఒక్కటే. పైన ఉన్నది నీళ్లే అనుకుని గ్రాముని మిల్లీలీటరుగా రాసి చూపిస్తుంది, అంతే. వంద గ్రాముల నూనె పోస్తే వంద మిల్లీలీటర్లంటుంది. నిజానికది సుమారు 110 మిల్లీలీటర్లు. లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని ఎందుకుంటుందో అనుమానం వచ్చినవాళ్లకు జవాబు ఇదే: నూనె నీళ్లకంటే తేలిక. పాలు మాత్రం కాస్త బరువు, అర లీటరు పాలు సుమారు 515 గ్రాములు తూగుతాయి.

సామర్థ్యం దగ్గర ఒక తిరకాసుంది. ఒకే అచ్చులో వచ్చే కాటాల మీద ఒకచోట 5 కిలోలు, ఒకచోట 7, ఇంకోచోట 10 అని ముద్రిస్తారు. ఏది రాసి ఉన్నా ఐదు కిలోలు దాటించకుండా వాడటం మేలు. లోపల ఉన్నది ఒక్క అల్యూమినియం దిమ్మె. దాన్ని లోడ్ సెల్ అంటారు. బరువు పెడితే అది కంటికి కనపడనంత వంగుతుంది. దాని మీద అతికించిన సన్నటి రేకుల విద్యుత్ నిరోధం ఆ వంపుకి తగ్గట్టు మారుతుంది, ఆ మార్పునే చిప్ గ్రాములుగా మారుస్తుంది. అతిగా వంచితే దిమ్మె పూర్తిగా వెనక్కి రాదు. అప్పట్నుంచి చూపించే ప్రతి అంకే అనుమానాస్పదమే. అల్మారాలో కాటా మీద పిండి డబ్బా పెట్టి దాచేవాళ్లు దాన్ని చంపుతున్నట్టే. నిలబెట్టి దాచండి, లేదా దాని మీద ఇంకేమీ లేకుండా ఉంచండి.

కొన్న రోజు చేయాల్సిన పరీక్ష

వాపసు గడువు ముగియకముందే పదిహేను నిమిషాలు కేటాయించండి. ఇంట్లో ఉన్న చిల్లరే తూకపురాళ్లు. రూపాయి గుర్తు ముద్రించిన పది రూపాయల నాణేలు, అంటే 2011 నుంచి వచ్చినవి, ఒక్కోటి 7.71 గ్రాములు. 2019 నుంచి వచ్చిన వాటి బరువు 7.74. కలిపి పెట్టినా పది నాణేలు 77 గ్రాములు చూపించాలి. 76 లేదా 78 వస్తే ఈ ధరకి ఫర్వాలేదు, 74 వస్తే వెనక్కి పంపండి. పన్నెండు పలకల ఇరవై రూపాయల నాణెం 8.54 గ్రాములు, అవి పది దొరికితే 85 రావాలి. ఐదు రూపాయల నాణేలు మాత్రం ఈ పనికి తీసుకోవద్దు. 9 గ్రాములవీ, 6 గ్రాములవీ, 6.74 గ్రాములవీ అన్నీ చలామణీలో కలిసిపోయి ఉన్నాయి.

పెద్ద బరువుకి కిరాణా కొట్టులోని ముద్ర వేసిన అరకిలో, కిలో తూకపురాయిని మించింది లేదు. తెలిసిన కొట్టయితే కాటా పట్టుకెళ్లి రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. చక్కెర ప్యాకెట్, ఉప్పు ప్యాకెట్ పెట్టి పరీక్షించకండి. ప్యాకెట్ల నికర బరువుకి చట్టమే కొంత తేడా అనుమతిస్తుంది, దాని మీద కవరు బరువు అదనం.

తర్వాత, అరకిలో ఉండే వస్తువు ఏదైనా ఒకటి పళ్లెం మధ్యలో పెట్టి అంకె రాసుకోండి. అదే వస్తువుని నాలుగు అంచులకీ జరిపి చూడండి. ఒకే దిమ్మె ఉన్న కాటాల్లో అంచున పెడితే రెండు మూడు గ్రాములు మారడం మామూలే. ఎంత మారుతోందో తెలిస్తే గిన్నె ఎప్పుడూ మధ్యలోనే పెడతారు. చివరగా అదే వస్తువుని ఐదుసార్లు తీసి పెట్టండి. అంకె ఒక గ్రాము అటూ ఇటూ కదిలితే సరే. తీసేశాక సున్నాకి రాకుండా 1, 2 దగ్గర ఆగిపోతుంటే ముందు పళ్లెం కింద సందు చూడండి. ఒక్క మినపగుండు ఇరుక్కున్నా పళ్లెం ఒంటికి ఆనుకుని బరువు దొంగిలిస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంటికి పంపే కాటాల గురించి ఒక మాట. ఇది కొలిచేది భూమి లాగే బలాన్ని. లండన్‌లో సరిచేసిన కాటా హైదరాబాద్‌లో కిలోకి దాదాపు మూడు గ్రాములు తక్కువ చూపిస్తుంది. ఇక్కడ గురుత్వం ఆ మేరకు తక్కువ. క్యాలరీల లెక్కకు ఇది లెక్కలోకి రాని తేడా, కాటా పాడైందని మాత్రం అనుకోవద్దు.

నూనె పోస్తుంటే అంకె ఎందుకు కదలదు

ఈ ధర కాటాల మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. గిన్నె పెట్టి, సున్నా చేసి, నూనె సన్నటి ధారగా పోస్తుంటే కాసేపు సున్నాయే ఉంటుంది, లేదా రెండు దగ్గర ఆగిపోతుంది. చెడిపోవడం కాదిది, కావాలని పెట్టిన ఏర్పాటు. వేడికీ తేమకీ లోడ్ సెల్ అంకె మెల్లమెల్లగా జరుగుతుంటుంది. ఖాళీ కాటా మీద అంకెలు పాకకుండా, సున్నా దగ్గర చాలా నెమ్మదిగా వచ్చే మార్పుని చిప్ లోపాలనుకుని మళ్లీ సున్నా చేసేస్తుంది. మీరు చుక్కలు చుక్కలుగా పోసే నెయ్యి దానికి అచ్చం అలాగే కనిపిస్తుంది. ఉప్పు, కారం, కాఫీ పొడి చిటికెలు చిటికెలుగా వేసినా అంతే.

దీన్ని తప్పించుకోవడం తేలిక. సున్నా చేయకండి. గిన్నె పెట్టగానే వచ్చిన అంకె, ఉదాహరణకి 143, గుర్తుంచుకుని 153 వచ్చేదాకా పోయండి. సున్నాకి దూరంగా ఉన్నప్పుడు ఈ దిద్దుబాటు సాధారణంగా జోక్యం చేసుకోదు. పోయడం అయ్యాక గిన్నెని ఒకసారి ఎత్తి మళ్లీ పెడితే నిజమైన అంకె వస్తుంది.

ఇంతకంటే నమ్మకమైన పద్ధతి తలకిందుల తూకం. నూనె సీసానే కాటా మీద పెట్టి సున్నా చేయండి. సీసా తీసి బాణలిలో పోసి మళ్లీ కాటా మీద పెట్టండి. మైనస్ 12 అని వస్తే బాణలిలోకి వెళ్లింది 12 గ్రాములు. గిన్నెకి అంటుకుపోయే నూనె బెడద ఉండదు, వేడి బాణలిని తూచే పని ఉండదు. నెయ్యి డబ్బాకీ, పల్లీ వెన్న సీసాకీ, ఆవకాయ జాడీకీ ఇదే పద్ధతి. ఒక చిక్కుంది: రెండు మూడు నిమిషాలు ఏ కదలికా లేకపోతే కాటా దానంతటదే ఆగిపోతుంది, మళ్లీ ఆన్ చేస్తే పాత సున్నా పోతుంది. కాబట్టి సీసా మొత్తం బరువు రాసుకుని తర్వాత తీసేయడమే మేలు. 812లోంచి 800 పోతే 12.

అయినా ఒక పరిమితి మిగిలే ఉంటుంది. ఒక గ్రాము మెట్టు ఉన్న కాటా మూడున్నర నుంచి నాలుగున్నర దాకా దేన్నైనా 4 అనే చూపిస్తుంది. రెండు అంకెల తేడా తీస్తే ఆ తప్పు ఒక గ్రాము దాకా పోవచ్చు. ఐదు గ్రాముల నెయ్యిలో ఒక గ్రాము అంటే ఇరవై శాతం. క్యాలరీల్లో చూస్తే తొమ్మిది. రోజుకి ఒకసారైతే పట్టించుకోనక్కర్లేదు, ఆరుసార్లు చిన్న చిన్నగా తూస్తే చూసుకోవాలి. అందుకే చిన్న మోతాదులు విడివిడిగా కాకుండా కలిపి తూయడం నయం. పూటపూటకీ తాలింపు తూచే ఓపిక లేనివాళ్లు ఆదివారం నూనె క్యాను బరువు రాసి, వచ్చే ఆదివారం మళ్లీ తూస్తే చాలు. 1,840 గ్రాముల క్యాను 1,210కి వచ్చిందంటే ఖర్చు 630. నలుగురున్న ఇంట్లో ఏడు రోజులకి భాగిస్తే మనిషికి రోజుకి 22.5 గ్రాములు, సుమారు 200 క్యాలరీలు. ఎవరు ఎంత తిన్నారన్నది ఇందులో తేలదు, కానీ ‘మా ఇంట్లో నూనె తక్కువే’ అనే మాట నిజమో కాదో మాత్రం తేలిపోతుంది.

ఏ గ్రాము ఖరీదైనది

అన్నిటినీ ఒకే శ్రద్ధతో తూచాల్సిన పనిలేదు. అరకిలో వంకాయలు, వంద గ్రాముల ఉల్లిపాయ, 30 గ్రాముల నూనెతో వేపుడు చేశారనుకుందాం. వంకాయల్లో సుమారు 125 క్యాలరీలు, ఉల్లిలో 50, నూనెలో 270. మొత్తం 445లో అరవై శాతం నూనెదే. వంకాయల్లో 50 గ్రాములు తప్పు తూచినా పోయేది పన్నెండు పదమూడు క్యాలరీలు. నూనెలో పది గ్రాములు కంటికొలతగా ఎక్కువ పడితే 90. ఆకుకూరలు, దోసకాయ, సొరకాయ, టమాటాలు కాటా మీద పెట్టడం మానేసినా ఫర్వాలేదు. నూనె, నెయ్యి, పల్లీలు, కొబ్బరి, జీడిపప్పు, బెల్లం, చక్కెర, బియ్యం, పిండి, వీటిని మాత్రం వదలకూడదు. ముప్పై గ్రాముల పల్లీలే 160 క్యాలరీల దాకా వస్తాయి, గుప్పెడంటే ఒకరికి పాతిక గ్రాములు, ఇంకొకరికి నలభై. గడ్డకట్టిన నెయ్యిని చెంచాతో గుట్టగా తీస్తే, అదే చెంచాతో కరిగిన నెయ్యి తీసినదానికి రెండింతలు దాటుతుంది. గిద్ద, సోల, మానిక కాలం నుంచీ మన ఇళ్లలో కొలతంటే పరిమాణమే, బరువు కాదు. బియ్యానికి అది చక్కగా పనిచేసింది. నెయ్యికి, పిండికి, పులిసిన రుబ్బుకి పనిచేయదు.

రుబ్బు సంగతే చూడండి. పులిశాక గాలి చేరి రెండింతలు పొంగుతుంది, బరువు మాత్రం దాదాపు మారదు. రాత్రి ఒక గరిటెలో పట్టిన పిండీ పొద్దున అదే గరిటెలో పట్టిన పిండీ ఒకటి కాదు. 300 గ్రాముల బియ్యం, 100 గ్రాముల మినప్పప్పు కలిపితే సుమారు 1,390 క్యాలరీలు. నీళ్లతో కలిపి రుబ్బు కిలో వచ్చిందంటే గ్రాముకి 1.39. పెనం పక్కన పిండి గిన్నెని కాటా మీద ఉంచి, తీసిన ప్రతి గరిటెకీ ఎంత తగ్గిందో చూస్తే దోసెకి ఎంత పడుతోందో తెలుస్తుంది. 75 గ్రాముల రుబ్బుకి 104, పైన వేసిన నాలుగు గ్రాముల నూనెకి 36, వెరసి 140. రెండు మూడుసార్లు తూచాక మీ గరిటె ఎంత పట్టుకుంటుందో తెలిసిపోతుంది, ఆ తర్వాత రోజూ తూచనక్కర్లేదు.

పుల్కాలకూ అదే దారి, పచ్చిగా తూచాలి. వంద గ్రాముల గోధుమ పిండి తడిపితే 165 గ్రాముల ముద్ద అయిందనుకుంటే, 33 గ్రాముల ఉండలో పిండి 20 గ్రాములు, 64 క్యాలరీలు. కాల్చిన పుల్కాని తూస్తే లాభం లేదు. ఎంత నీరు ఆవిరైందన్నది పెనం వేడిని బట్టి ప్రతిసారీ మారుతుంది.

అన్నం, పప్పు, కుక్కరు

క్యాలరీల లెక్కలో అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. వంద గ్రాముల తెల్లబియ్యానికి సుమారు 356 క్యాలరీలు, వంద గ్రాముల ఉడికిన అన్నానికి సుమారు 130. ఫోన్ యాప్‌లో ‘రైస్’ అని వెతికితే రెండూ కనిపిస్తాయి. కంచంలో ఉన్న 220 గ్రాముల అన్నాన్ని బియ్యం పద్దు కింద రాస్తే 783 వస్తుంది, నిజానికి తిన్నది 280 దగ్గర. ఎసరు ఎంత పోశారన్నదాన్ని బట్టి అన్నం బరువు మారుతుంది కాబట్టి తయారు లెక్క కంటే మీ గిన్నె లెక్కే నిజం.

అది ఇలా తీయాలి. ఖాళీ గిన్నె బరువు ముందే తూచి రాసి ఉంచండి. బియ్యం కడగకముందే తూయండి, కడిగాక తూస్తే అంటిన నీళ్లు కూడా కలుస్తాయి. 300 గ్రాములు తీసుకున్నారంటే మొత్తం 1,068 క్యాలరీలు. ఉడికాక గిన్నెతో సహా తూచి గిన్నె బరువు తీసేస్తే అన్నం బరువు వస్తుంది. 840 అయిందనుకోండి, గ్రాముకి 1.27. కంచంలో పెట్టుకున్న 220కి 280. గంజి వార్చే ఇళ్లలో కొంత పిండిపదార్థం గంజితో పోతుంది, ఈ లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది. గంజి తాగేస్తే ఆ తేడా కూడా ఉండదు. రైస్ కుక్కర్‌తో వచ్చే 180 మిల్లీలీటర్ల కప్పు బియ్యం సుమారు 150 గ్రాములుంటుంది, కాటా అందుబాటులో లేని రోజు ఇది పనికొస్తుంది.

పప్పుకీ ఇదే సూత్రం. 150 గ్రాముల కందిపప్పు సుమారు 497, దోసకాయ ముక్కలు 30, తాలింపు నూనె పది గ్రాములు 90, మొత్తం 617. ఉడికి మెదిపాక 900 గ్రాములైతే గ్రాముకి 0.69. తోడుకునే ముందు అడుగుదాకా కలపాలి. పైన తేరుకున్న పల్చటి కట్టు ఒకరికీ, అడుగున ఉన్న ముద్ద ఇంకొకరికీ వస్తే ఇద్దరి లెక్కా తప్పే. సాంబారులో ఇది మరీ ఎక్కువ.

కుక్కర్‌తో సహా తూచేటప్పుడు మూత తీసి తూయండి, ఖాళీ బరువు కూడా మూత లేకుండా తీసిందే అయి ఉండాలి. గిన్నెల బరువులు ఒక కాగితం మీద రాసి అల్మారా తలుపు లోపల అతికించుకుంటే రోజూ పని తప్పుతుంది. వేడి గిన్నెని నేరుగా పళ్లెం మీద పెట్టొద్దు. ప్లాస్టిక్ వంగడం ఒకటైతే, లోపలి దిమ్మె వేడెక్కి అంకె పాకడం మొదలవుతుంది. ముందు ఒక కుదురు గానీ చిన్న చెక్క గానీ పెట్టి, సున్నా చేసి, దాని మీద గిన్నె పెట్టి రెండు సెకన్లలో చదివి తీసేయండి. ఆవిరి తెర లోపలికి చేరితే అంకెల్లో గీతలు మాయమవుతాయి. అప్పుడు 8కీ 6కీ తేడా తెలియదు.

కంచం బెడద కూడా చెప్పాలి. మన స్టీలు కంచం ఈ కాటా కంటే చాలా వెడల్పు, పెట్టగానే తెర కనపడదు. చిన్న గిన్నెని బోర్లించి పళ్లెం మధ్యలో పెట్టి, సున్నా చేసి, దాని మీద కంచం నిలపండి. కంచం ఎత్తులో ఉంటుంది, అంకెలు కనిపిస్తాయి. ప్రతి వడ్డనకీ సున్నా చేస్తూ పోతే అన్నం, పప్పు, కూర విడివిడిగా వస్తాయి.

చికెన్, మటన్ కూరల్లో, తినడం అయ్యాక మిగిలిన ఎముకల్ని తూయండి. వడ్డించినప్పటి బరువులోంచి కంచంలో మిగిలిన ఎముకల బరువు తీసేస్తే తిన్నది తేలుతుంది. అరటిపండు, మామిడిపండుకీ అంతే, తొక్కా టెంకా తర్వాత తూచి తీసేయాలి.

గారెలు, పూరీలు పీల్చిన నూనె కనిపెట్టడానికి మూకుడుని నూనెతో సహా చల్లగా ఉన్నప్పుడు తూచి, వేయించి, పూర్తిగా చల్లారాక మళ్లీ తూయాలి. 1,460 గ్రాములు 1,312 అయితే పోయింది 148. ఇరవై గారెలకి పంచితే ఒక్కోదానికి 7.4 గ్రాములు, నూనె నుంచే 67 క్యాలరీలు. కాగితం మీద వదిలిన నూనె ఇందులోంచి తీసేయొచ్చు, కాగితాన్ని ముందూ వెనకా తూస్తే అదీ తెలుస్తుంది. మరుగుతున్న నూనె మూకుడుని మాత్రం కాటా దగ్గరకు తేవద్దు.

పచ్చి ధాన్యాలు, పప్పులు, కూరగాయల విలువలకు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికలే మనకు దగ్గరి ఆధారం. పైన బియ్యానికీ, కందిపప్పుకీ, పిండికీ వాడింది ఆ అంకెలే. పిండి ప్యాకెట్ మీద ఇంకో అంకె కనిపించొచ్చు. పీచుని లెక్కలోకి తీసుకునే పద్ధతిలో తేడా ఉంటుంది. ఒక పదార్థానికి ఒకే అంకె పట్టుకుని కొనసాగితే చాలు.

ఎక్కడ పెట్టాలి, ఏది పాడు చేస్తుంది

గట్టి, సమతలమైన గట్టు మీదే పెట్టాలి. కింద గుడ్డ వేస్తే కాళ్లు దిగబడి బరువు తగ్గి కనిపించొచ్చు. వెలుగుతున్న ఇండక్షన్ పొయ్యి పక్కనా, మోగుతున్న ఫోన్ పక్కనా కొన్ని కాటాల అంకెలు గెంతుతాయి, మూరెడు దూరం జరిపితే ఆగిపోతాయి. సీలింగ్ ఫ్యాను గాలి ఈ కాటాని పెద్దగా కదిలించదు. దశాంశం చూపించే కాటాలకే అది సమస్య.

కుళాయి కింద కడగకూడదు. పిండిన తడిగుడ్డతో తుడవండి. అడుగున సెల్స్ మూత ఉన్న వైపు తీపి మరకలు మిగిలితే చీమలు, బొద్దింకలు సందుల్లోంచి లోపలికి దూరతాయి. ఎత్తునుంచి ఒక్కసారి పడితే దిమ్మె వంగొచ్చు, దాని నుంచి బోర్డుకి పోయే వెంట్రుకలాంటి తీగలు తెగొచ్చు. అప్పుడు అంకె నిలకడ లేకుండా తిరుగుతుంటుంది. బాగు చేయించడానికయ్యే ఖర్చు కొత్తదాని ధరకి దగ్గరగా వస్తుంది. సెల్స్ నీరసించినప్పుడు తెర మసకబారకముందే అంకెలు ఊగుతాయి, కాబట్టి వింత అంకెలు కనిపిస్తే మొదట సెల్స్ మార్చండి, తర్వాతే అనుమానించండి. నెలకోసారి పది నాణేలు పెట్టి 77 వస్తోందో లేదో చూసుకుంటే చాలు.

ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్మేవాళ్లు అమ్మకానికి ఈ కాటా వాడకూడదు. తూచి అమ్మే కాటాకి తూనికలు కొలతల శాఖ తనిఖీ ముద్ర ఉండాలి, దీనికి ఉండదు.

దీని బదులు ఏది

రెండు మూడు కిలోల దాకా 0.1 గ్రాము మెట్టుతో తూచే కాఫీ కాటాలు చిన్న మోతాదులకు దీనికంటే మెరుగు. నూనె, నెయ్యి నేరుగా తూచొచ్చు. ధర ఎక్కువ, కుక్కర్ లాంటివి పెట్టేముందు సామర్థ్యం చూసుకోవాలి. ఒకటే కొనాలి, డబ్బుకి ఇబ్బంది లేదు అంటే అదే తీసుకోండి. 200 లేదా 500 గ్రాముల జేబు కాటా, బంగారం తూచేలాంటిది, రెండోదిగా మంచి జోడీ. పల్లీలు, నెయ్యి చెంచా, పొడులకు అది, మిగతావాటికి ఇది. దాని పళ్లెం అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది, అంతే, తేలికపాటి చిన్న గిన్నె వెతుక్కోవాలి. గాజు పలక కాటాలు తుడవడానికి సుఖం, కానీ తడిచేత్తో ముట్టుకుంటే టచ్ బటన్లు వాటంతటవే పనిచేస్తాయి, పిండి కలిపే చేతులకు అది విసుగు. చెంచా కాటా చేతిలో ఊగుతుంటే అంకె నిలవదు, బల్ల మీద ఆనించి చదవాలి. ఫోన్‌కి కలిసే బ్లూటూత్ కాటాకి అదనంగా డబ్బు పెట్టొద్దు. గోంగూర పప్పు, బీరకాయ పాలు పోసిన కూర, ఉలవచారు లాంటివి మీ ఇంటి వంట లెక్కలో మీరే చేర్చుకోవాలి. ఆ పని ఫోన్‌కి కలవని కాటాతోనూ అవుతుంది.

ఎస్‌ఎఫ్-400 కొంటే వచ్చిన రోజే నాణేల పరీక్ష చేసి, గిన్నెల బరువులు రాసి, నూనె సీసా పక్కనే దాని చోటు చూపించండి. అల్మారా పై అరలోకి వెళ్లిన కాటా వారానికి మించి వాడకంలో ఉండదు.